డీజిల్ ఇంజన్‌కు ఇంధనం ఎక్కడ నింపాలి?

మన దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాలు దాదాపు అన్నీ విద్యుదీకరించబడ్డాయి. అమెరికాలో మాత్రం గూడ్సు రైళ్లను నేటికీ ప్రధానంగా డీజిల్ ఇంజన్లే లాగుతున్నాయి. వేల కిలోమీటర్లు ప్రయాణించే ఆ ఇంజన్లకు ఇంధనం ఎక్కడ, ఎలా నింపుతారో తెలుసుకుందాం.

ముందుగా ఒక చిన్న లెక్క. అక్కడి 4,400 అశ్వశక్తి ఇంజన్‌కు అడుగుభాగాన, ముందు వెనుక చక్రాల మధ్య, సుమారు 18,900 లీటర్ల ట్యాంకు ఉంటుంది. లీటరు డీజిల్ బరువు దాదాపు 0.85 కిలోగ్రాములు. అంటే నిండు ట్యాంకులోని ఇంధనమే 16 టన్నులు! పూర్తి శక్తితో లాగేటప్పుడు గంటకు సుమారు 750 లీటర్లు ఖర్చవుతుంది. ఆ లెక్కన ట్యాంకు 25 గంటలకు ఖాళీ కావాలి. పల్లంలో దిగేటప్పుడు, నిలిచి ఉన్నప్పుడు ఖర్చు చాలా తక్కువ కనుక నిజానికి ఇంకా ఎక్కువ కాలమే వస్తుంది.

ఇంధనం నింపే పద్ధతులు ముఖ్యంగా మూడు.

మొదటిది, యార్డులోని సర్వీసు కేంద్రం. ఇక్కడ ఇంజన్‌ను రైలు నుంచి విడదీసి డీజిల్ నింపుతారు. కందెన నూనె, శీతలీకరణ నీరు సరిచూస్తారు. పట్టాలపై చక్రాలు జారకుండా చల్లే ఇసుకను కూడా నింపుతారు.

రెండవది, ట్యాంకరు లారీ. ఇంజన్ ఉన్న చోటికే లారీ వచ్చి డీజిల్ పోస్తుంది. ఇంజన్లు తక్కువగా ఉండే చోట ఇది అనుకూలం.

మూడవది, ప్రధాన మార్గం మీది కేంద్రం. ఇంజన్లను విడదీయకుండానే మొత్తం రైలును ఆపి నింపుతారు. గొట్టం చివరి నాజిల్ ట్యాంకుకు గట్టిగా బిగుసుకుంటుంది. ట్యాంకు నిండగానే ప్రవాహం దానంతటదే ఆగిపోతుంది. నిమిషానికి 1,100 లీటర్ల చొప్పున నింపితే ఖాళీ ట్యాంకు సుమారు 17 నిమిషాల్లో నిండుతుంది.

మూడవ పద్ధతిలో కాలం బాగా కలిసివస్తుంది. కాని అంత ఇంధనం రోజూ ఒకేచోట చేతులు మారుతుంది కనుక ఆ చోటు కింది నేల ఎటువంటిదన్నది కీలకమవుతుంది. ఇడహో రాష్ట్రంలోని హౌసర్ వద్ద బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వే 2004 సెప్టెంబరులో ఇటువంటి కేంద్రాన్ని ప్రారంభించింది. దాని కింద ఉన్నది స్పోకేన్ లోయ - రాత్‌డ్రమ్ ప్రెయిరీ భూగర్భ జలాశయం. నేడు 5 లక్షలకు పైగా ప్రజలకు తాగునీరు ఇదే. మంచుయుగపు మహా వరదలు తెచ్చి పోసిన ముతక గులకరాళ్ల పొరలు అక్కడివి. బంకమట్టి అయితే ద్రవాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. గులకనేల సులభంగా కిందికి వదిలేస్తుంది.

అందుకే కాంక్రీటు వేదిక, దాని కింద ప్లాస్టిక్ పొరలు అమర్చారు. అయినా ప్రారంభించిన కొద్ది నెలలకే, 2004 డిసెంబరులో, వ్యర్థజలాల గొట్టం నుంచి లీకు బయటపడింది. తరువాత కాంక్రీటులోనూ లోపాలు కనిపించాయి. 2005 ఫిబ్రవరిలో న్యాయస్థానం కేంద్రాన్ని మూసివేయించింది. మరమ్మతుల తరువాత మే నెలలో అది తిరిగి తెరుచుకుంది.

ఇంధన కేంద్రానికి చోటు నిర్ణయించేటప్పుడు రైళ్ల రాకపోకల పట్టికతో పాటు భూగర్భ పటాన్ని కూడా చూడాలని ఈ ఉదాహరణ తెలుపుతుంది. ఆగిన రైలు కొన్ని గంటల్లో మళ్లీ కదులుతుంది. కలుషితమైన భూగర్భజలం శుభ్రపడటానికి ఏళ్లు పట్టవచ్చు. మీ ఊరి పెట్రోలు బంకు కింది నేల ఎటువంటిదో, దగ్గరలోని బావి ఎంత దూరంలో ఉందో మీరూ పరిశీలించండి.