ఇంటికి దగిన గిటారు ఆంప్లిఫయరు

వీణయు, వయొలినును, హార్మోనియమును వినబడుచుండిన మన యిండ్లలో నిప్పుడు గిటారు కూడ వినబడుచున్నది. మగపిల్లలే కాక ఆడపిల్లలును దానిని నేర్చుకొనుచున్నారు. చెక్కగిటారుతో ఏడాదియో రెండేండ్లో గడపిన పిమ్మట బిడ్డ ఎలక్ట్రిక్ గిటారు కావలెనని యడుగును. అది యింటికి వచ్చిన మరునాడే దానికొక ఆంప్లిఫయరు కావలెననును. ఇది పేరాస కాదు. వీణకు కుండ యున్నట్లు ఈ గిటారునకు బోలుకడుపు లేదు. అది చాలవరకు గట్టికొయ్య. తీగెను మీటిన దోమపాటంత నాదము మాత్రమే పుట్టును. తీగెల క్రింద నమర్చిన అయస్కాంతపు చుట్ట యా కంపమును విద్యుత్తుగా మార్చి పంపగా, ఆంప్లిఫయరు దానిని పెంచి స్పీకరున కిచ్చును. కావున గిటారు సగము వాద్యము, ఆంప్లిఫయరు తక్కిన సగము.

అంతటితో నాగక, "వాల్వుది కావలెనమ్మా" యని బిడ్డ మరియొక మాట చేర్చును. ధర విన్న తల్లికి గుండె ఝల్లుమనును. వాల్వు ఆంప్లిఫయరనగా నేమి, అది యింటికి దగునా, దగినచో నెంతటిది కొనవలెనను విషయములను ఇంటి జమాఖర్చులు చూచుకొను సోదరీమణుల కొరకు మేమిచట వ్రాయుచున్నాము.

మా పెద్దమ్మాయి పదమూడేండ్లది. మా పైయంతస్తున వృద్ధదంపతులున్నారు. మావారు బడినుండి వచ్చి రాత్రివేళ పరీక్షపత్రములు దిద్దుకొందురు. చిన్నవాడు ఎనిమిది గంటలకే నిద్రపోవును. ఇట్టి యింట చప్పుడు మితిమీరినచో పెద్దలు మందలింపక మానరు. "చప్పుడు చేయకు" మని ఆడపిల్లకు పదిమారులు చెప్పిన చాలును. పదునొకండవమారు చెప్పనక్కరలేకయే యామె వాద్యమును పెట్టెలో బెట్టి మూతవేయును. మరల తీయదు. మన తరమున నెందరి సంగీతములు ఇట్లు పెట్టెలలోనికి పోయినవో మనమెరుగనిది కాదు. మా చింతయంతయు దీనిని గురించియే.

మా పట్టణమున నొక దుకాణదారుడు 100 వాట్ల ఆంప్లిఫయరును జూపి, "ఎక్కువ వాట్లుండుటే మంచిదమ్మా! తగ్గించుకొని వాడుకొనవచ్చును" అనెను. వినుట కిది న్యాయముగనే యుండును. పెద్దగిన్నెలో చిన్నవంట చేయవచ్చును గదా యనిపించును. కాని వాల్వు విషయమున నీ మాట పూర్తిగా తలక్రిందు. అదెట్లో తెలియవలెనన్న వాల్వు సంగతి కొంత తెలియవలెను.

గాలి తీసివేసిన గాజుబుడ్డిలో నొక సన్నని తీగె యెర్రగా కాలి తన చుట్టునున్న లోహమును వేడిచేయును. ఆ వేడికి లోహమునుండి ఎలక్ట్రాన్లు వెడలి ఎదుటి పలకకు బోవును. 1904లో ఇంగ్లండున ఫ్లెమింగు పండితుడు ఇట్టి బుడ్డిని మొదట ఉపయోగమునకు దెచ్చెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు రెంటి నడుమ మూడవ తీగెను జొప్పించెను. ఈ మూడవదానిపై అత్యల్పమైన విద్యుత్తు తగిలినను, ఎలక్ట్రాన్ల ప్రవాహము దాని ననుసరించి హెచ్చుగా పెరుగుచు తరుగుచుండును. కాలువకు లాకు ఎట్టిదో ఇది యట్టిది. మన అమ్మమ్మల యిండ్లలోని పెద్ద రేడియోలు వీనితోనే పలికినవి. మీట త్రిప్పిన పిదప అరనిమిషము వేచియుండిన గాని వార్తలు వినబడెడివి కావని వారు చెప్పుదురు. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961 మొదలు రేడియో వాల్వులను చేసిరి. తరువాత ట్రాన్సిస్టరు వచ్చి ఇంటి రేడియోలనుండి వాల్వును వెడలగొట్టెను. గిటారు ఆంప్లిఫయరునుండి మాత్రము వెడలగొట్టలేకపోయెను.

కారణమిది. వాల్వునకు దాని శక్తికి మించిన పని యిచ్చినపుడు నాదము ఒక్కసారిగా విరుగక మెల్లగా వంగును. ఆ వంపులో మూలస్వరముతోబాటు క్రొత్త అనుస్వరములు పుట్టును. స్వరము నిడుపుగా సాగును. గాయకుడు తారస్థాయి నందుకొనునపుడు కంఠమున దోచు జీర వంటిదది. యంత్రశాస్త్రజ్ఞులు దీనిని దోషమందురు, గిటారువారు గుణమందురు. ఏదైనను, ఈ గుణము వాల్వు బాగుగ శ్రమపడునపుడే పుట్టును. 100 వాట్లదానిని ఇంటిలో గుసగుసగా బెట్టినచో దాని పెద్దవాల్వులు నిద్రపోవుచుండును. కొన్నదెందుకో ఆ ఫలమే దక్కదు. ఇది పిచ్చుకపై బ్రహ్మాస్త్రము. ఆ మాత్రపు నాదము చవుక ట్రాన్సిస్టరు పెట్టెయు నీయగలదు.

వాట్ల లెక్క మరియొక విచిత్రము. వాట్లు రెట్టింపైన నాదము మూడు డెసిబెల్లులు మాత్రమే హెచ్చును. చెవికి రెట్టింపు నాదమని తోచుటకు సుమారు పదిరెట్లు వాట్లు కావలెను. అనగా 50 వాట్లది 5 వాట్లదానికి రెండింతలు మాత్రమే బిగ్గరగా వినబడును. గిటారు స్పీకరులు సాధారణముగా ఒక్క వాటునకే, ఒక మీటరు దూరమున, 97 నుండి 100 డెసిబెల్లుల నాదమిచ్చును. మన సంభాషణ సుమారు 60. దీనినిబట్టి ఒక్క వాటు ఇంటికి చాలునో, మిక్కిలియో మీరే యూహింపుడు. చెవుల క్షేమము కూడ చూడవలెను. అమెరికాలో కార్మికుల యారోగ్యమును విచారించు ప్రభుత్వసంస్థ 85 డెసిబెల్లుల నాదమున ఎనిమిది గంటలు, ఆపై ప్రతి మూడు డెసిబెల్లులకు సగము కాలము చొప్పున హద్దు సూచించినది. ఆ లెక్కను 100 డెసిబెల్లులలో పదునైదు నిమిషములే. పెద్దలకే యిట్లుండగా పిల్లల చెవుల కెంత జాగ్రత్త కావలెను!

పెద్ద ఆంప్లిఫయరులు పెద్దసభల కొరకు పుట్టినవి. ఇంగ్లండున మార్షలు వారి 100 వాట్లది 1965 ప్రాంతమున వేలకొలది జనుల కేకలను మించి వినబడవలెనని చేయబడినది. వాక్సు వారి 30 వాట్లదియు నాట్యశాలలకే తగినది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టను పట్టణమున ఫెండరు వారు 1948లో విద్యార్థుల కొరకొక చిన్నదానిని చేసిరి. అది క్రమముగా "చాంప్" అను పేరుతో 5 వాట్లదై, ఒకే శక్తివాల్వుతో, ఎనిమిదంగుళముల స్పీకరుతో స్థిరపడెను. పిల్లల పెట్టె యని దానిని దీసివేయరాదు. 1970లో మయామీ నగరమున "లేలా" యను పాటను ముద్రించినపుడు ఎరిక్ క్లాప్టను వాడినది ఇట్టి చాంపే. మైకు ముందర చిన్నపెట్టెయు కొండంతగా వినబడును.

ఇచట మన కొక చిన్నమాట. ఫెండరు కర్మాగారమున ఆ కాలపు ఆంప్లిఫయరుల లోపలి తీగెలను అతికినవారిలో ననేకులు స్త్రీలు. పని ముగించి, ఒక కాగితపు పట్టీపై తమ పేరు వ్రాసి లోపల నంటించెడివారు. నేడు ఆ పాతపెట్టెలను విప్పినవారికి ఆ పేర్లు కనబడుచున్నవి. గిటారు మగపిల్లల వాద్యమనువారికి ఇంకొక పేరును జెప్పవచ్చును: 1915లో ఆర్కెన్సా రాష్ట్రమున జన్మించిన సిస్టరు రోజెట్టా థార్పు. ఆమె 1964లో మాంచెస్టరునందొక రైలుస్టేషనులో ఎలక్ట్రిక్ గిటారు వాయించిన దృశ్యమును నేటికిని చూడవచ్చును. దానిని మా అమ్మాయికి చూపితిమి. మా అత్తగారికిని చూపితిమి.

ఇక ఎంపిక. ఇంటికి ఒక వాటు మొదలు ఐదు వాట్ల వరకు చాలును. మిత్రులతో, తబలా గాని డ్రమ్ము గాని చేర్చుకొని వాయించు కోరిక యున్నచో పదునైదు వాట్లు. అంతకు మించినది ఇంటి కొరకు కొనవలదు. శక్తివాల్వులలో 6వి6 అనునది మెత్తగను, ఇఎల్84 అనునది కొంత మెరపుగను పలుకునందురు. ఈ భేదముల గూర్చి పిల్లలు గంటలకొలది వాదించుకొందురు గాని, ఇంటి నాదములో స్పీకరు మంచిచెడ్డలే యెక్కువ తెలియును. ఆరంగుళముల స్పీకరుకంటె పది లేక పండ్రెండంగుళములది నిండుగా పలుకును. వెలలో తేడా కొంత యున్నను ఇచట పిసినారితనము తగదు.

"మాస్టరు వాల్యూము" అను రెండవ మర తప్పక యుండవలెను. మొదటి మరతో చిన్నవాల్వులను శ్రమపెట్టి, రెండవదానితో బయటికి వచ్చు నాదమును అణచవచ్చును. శక్తివాల్వు పలుకుబడి దీనితో రాదు. అయినను రాత్రివేళ కిది మేలు. కొన్నిటికి వాట్లను తగ్గించు స్విచ్చి యుండును. 15 నుండి 7కు తగ్గించునదైన చెవికి స్వల్పభేదమే తోచును. 15 నుండి ఒకటికి దిగునదైన సగముకంటె కొంచెము తక్కువగును. దుకాణమున దీనిని గొప్పగా చెప్పినపుడు ఈ లెక్క జ్ఞాపకముంచుకొనుడు. ఆంప్లిఫయరునకు స్పీకరునకు నడుమ నుంచు "అటెన్యుయేటరు" అను పెట్టెయు గలదు. అది శక్తిని వేడిగా మార్చి పారవేయును. పనిచేయును గాని అదనపు ఖర్చు. చిన్నదానినే కొన్నవారికి అంతగా నవసరముండదు.

నాదము తగ్గించిన కొలది మంద్రము పలుచబడినట్లు తోచును. ఇది యంత్రదోషము కాదు. చెవి స్వభావమే యిట్టిదని 1933లో ఫ్లెచరు, మన్‌సను అను శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. మంద్రపు మరను కొంచెము పెంచిన సరిపోవును.

మీ బిడ్డకు గిటారుపై మన రాగములను స్వచ్ఛముగ పలికించు కోరికయే యున్నదా? అట్లయిన వాల్వు అక్కరయే లేదు. 1969లో పాలకొల్లున జన్మించిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలినుపై కర్ణాటక సంగీతమును వినిపించెను. ఆ వాద్యమునకు కావలసినది గమకము గమకముగ, స్వరము స్వరముగ వినిపించు నిర్మలనాదమే కాని జీర కాదు. అట్టి నాదము నొక మంచి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు తక్కువ వెలకే ఇచ్చును. క్రొత్తగా నేర్చువారికిని మా సలహా యిదియే. రెండేండ్ల సాధన తరువాత వాల్వు నాదము కొరకు బిడ్డ చెవి తానై తహతహలాడినపుడు కొనవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది గోడలోని మూడవరంధ్రము. గిటారు తీగెలు ఆంప్లిఫయరు లోహపుపెట్టెతో కలిసియుండును. లోపల నేదైన చెడి ఆ పెట్టెకు విద్యుత్తు తగిలినపుడు ఎర్తు సరిగా నున్నచో అది భూమికి బోవును. లేనిచో బిడ్డ చేతులలోనికి వచ్చును. యార్డ్‌బర్డ్స్ అను ప్రసిద్ధబృందపు గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో తన యింటిలోనే, ఎర్తు సరిగా లేని గిటారును వాయించుచు, విద్యుదాఘాతమున మరణించెను. మన పాత యిండ్లలో మూడవరంధ్రము కనబడును గాని వెనుక తీగె యుండదు. ఆంప్లిఫయరు కొనకముందే యెలక్ట్రీషియనును బిలిపించి పరీక్ష చేయింపుడు. దానికగు ఖర్చును ఆంప్లిఫయరు వెలలో భాగముగనే లెక్కవేసుకొనుడు. మూడుపిన్నుల ప్లగ్గునుండి ఒక పిన్నును ఊడదీయు అలవాటు మీ యింట నెవరికైన నున్నచో నేడే మాన్పింపుడు.

అమెరికానుండి బంధువులు తెచ్చునవి తరచుగా 120 వోల్టులకు చేసినవై యుండును. మన 230 వోల్టులకు నేరుగా దగిలించిన కాలిపోవును. వెనుకనున్న చీటీ చదువకుండ తగిలింపరాదు. తగిన ట్రాన్స్‌ఫార్మరు కావలెను. స్పీకరు తీగె ఊడియుండగా వాల్వు ఆంప్లిఫయరును వాయించిన లోపలి ట్రాన్స్‌ఫార్మరు చెడవచ్చును. చాల ఆంప్లిఫయరులకు చెవిగొట్టములు తగిలించు వీలుండకపోవుట కిదియు నొక కారణము. వెనుకమూత నెప్పుడును ఇంటిలో విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను లోపలి కండెన్సరులలో మూడువందల వోల్టులకు పైగా నిలిచియుండవచ్చును. వాల్వులు కాలుచుండును గనుక పెట్టెపై గుడ్డ కప్పరాదు, గోడకానించి పెట్టరాదు.

మేము ఎర్తు పరీక్ష చేయించి, 5 వాట్లది, మాస్టరు వాల్యూము గలది, పదంగుళముల స్పీకరుతో నున్నదానిని కొంటిమి. కొనునపుడు అమ్మాయి తన గిటారునే తీసికొనిపోయెను. దుకాణదారుని గొప్పకొరకు కాక, మేము మామూలు గొంతుతో మాటలాడుచుండ వినబడునంత నాదములో వాయించి చూచినది. గిటారు తీగె తీసివేసి, మరను పెంచి, గుయ్యి మను రొద యెంతయున్నదో విన్నాము. వాల్వును పెన్సిలుతో మెల్లగా తట్టి, గంటవలె మ్రోగుచున్నదేమో చూచితిమి. సాయంత్రము ఐదున్నర మొదలు ఆరున్నర వరకు ఆమె గంట; ఆ వేళ "తగ్గించు" మను మాట ఎవరును అనరాదని మావారితోను చెప్పితిమి, పై యంతస్తువారికిని ముందుగ తెలిపితిమి. బామ్మగారు మాత్రము మొదటివారమున రెండుమారులు మెట్లు దిగివచ్చిరి. రెండవమారు కూర్చుండి వినిరి.

వాల్వులు నేడు ముఖ్యముగ స్లొవేకియా, రష్యా, చైనా దేశములలో తయారగుచున్నవి. చిన్న పట్టణములలో వెంటనే దొరకవు. చిన్నవాల్వు ఏండ్ల తరబడి పనిచేయును గాని శక్తివాల్వు వాడుకనుబట్టి ముందుగ అరుగును. అందుచే రెంటిని చెరియొకటి అదనముగ కొని, పాతచీర ముక్కలో చుట్టి, బీరువాలో చిన్నవానికందని పై అరలో నుంచితిమి.