ఇబ్రిలో తాగి బండి నడుపుతూ పట్టుబడితే

గురువారం రాత్రి డ్యూటీ దిగి, రెండు పెగ్గులేసి, ‘రూమ్ దగ్గరే కదా’ అని బండి తీసేవాళ్లు మనలోనూ ఉన్నారు. హైదరాబాద్‌లో దొరికితే కౌన్సెలింగ్, కోర్టు, జరిమానా అని అందరికీ తెలుసు. ఒమన్‌లో కూడా ఇది క్రిమినల్ కేసే, కాకపోతే ఇక్కడ వీసా, ఉద్యోగం రెండూ దానికి ముడిపడి ఉంటాయి. మందు కొనే పర్మిట్ చూపినా లాభం లేదు. అది కొనడానికే.

పోలీసులు ఆపితే రెసిడెంట్ కార్డు, లైసెన్సు, ముల్కియా ఇచ్చి పరీక్షకు సహకరించండి. పక్కసీటు మిత్రుడు ‘నేనే నడిపాను’ అనడం, చేతిలో పది రియాళ్లు పెట్టబోవడం ఇంకో కేసు తెచ్చిపెడతాయి.

అసలు చిక్కు స్టేషన్‌లో. వాంగ్మూలం అరబిక్‌లో రాస్తారు. వచ్చీరాని హిందీతో నెట్టుకురాకుండా అనువాదకుడిని అడగండి, అర్థం కానిదాని మీద సంతకం పెట్టకండి. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం ప్రకారం, మీరు కోరితే అరెస్టు సంగతి భారత ఎంబసీకి తెలపాలి. కాబట్టి నోరు తెరిచి కోరండి. ఎంబసీ లాయర్ల వివరాలు ఇస్తుంది, మనిషిని పంపి మాట్లాడిస్తుంది. విడిపించడం మాత్రం దాని చేతిలో లేదు. ఊళ్లో ఇంటివాళ్లు మదద్ పోర్టల్‌లో పాస్‌పోర్టు వివరాలతో ఫిర్యాదు పెట్టవచ్చు.

కంపెనీ పీఆర్వోకు ఆ రాత్రే చెప్పండి, ఎలాగూ తెలిసిపోతుంది.

వదిలిపెట్టినంత మాత్రాన కేసు ముగియదు. కోర్టు తేదీ రాసుకోండి. సెలవుకు టికెట్ కొనేముందు ప్రయాణ నిషేధం ఉందేమో పీఆర్వో ద్వారా కనుక్కోండి.