తప్పును దిద్దుకొను వార్త

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన యుప్పెనను మన పెద్దలు నేటికిని మఱువలేదు. వేలకొలది జనులు అసువులు బాసిరి. వార్త వేళకు చేరుట యెంత ముఖ్యమో, చెడకుండ చేరుటయు నంత ముఖ్యము. నేడు తుపాను హెచ్చరిక మన చేతిలోని మొబైలు ఫోనునకే వచ్చుచున్నది. వేలమందికి ఒక్కమారుగా ప్రసారమగు నట్టి హెచ్చరికను "మరల చెప్పుడు" అని యెవరికి వారు అడుగజాలరు. కావున వచ్చిన వార్తయే తన తప్పును దిద్దుకొనవలెను. అది యెట్లో యించుక వివరింతుము.

విజయవాడ వీథిలో బస్సునందున్న ఫోనునకు టవరునుండి రేడియో తరంగము తిన్నగా రాదు. కొంత ఇంద్రకీలాద్రికిని, కొంత మేడల గోడలకును తగిలి మరలివచ్చును. ఇట్లు పలు త్రోవల వచ్చిన తరంగములు ఒకచోట కలిసి బలపడును. జానెడు దూరములోనే యొకదాని నొకటి అణచివేయును. అప్పుడు వార్తను మోయు 0, 1 అంకెలు తారుమారగును.

దీనికి ఉపాయము మన లెక్కల పుస్తకములోనే యున్నది. 2, 5, 1 ఒక వరుసగను, దాని క్రింద 4, 3, 6, ఆ క్రింద 7, 0, 2 వ్రాయుడు. అడ్డముగా మొత్తములు 8, 13, 9. నిలువుగా 13, 8, 9. వీనిని గూడ పంపుడు. త్రోవలో 3 చెడి 8 అయినదనుకొందము. రెండవ అడ్డవరుసయు, రెండవ నిలువువరుసయు మొత్తమునకు 5 హెచ్చుగా నుండును. ఆ రెండును కలియు చోటనే తప్పున్నది. 5 తీసివేసిన 3 లభించును. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించిన పద్ధతికి మూలభావ మిట్టిదే. మేలైన సంకేతములచే, ఒక హద్దునకు లోబడిన వేగముతో, రొదలోనైనను వార్తను దాదాపు దోషరహితముగా పంపవచ్చునని క్లాడ్ షానన్ 1948లోనే నిరూపించెను.

అయితే ఒకేచోట పెక్కు తప్పులు పడినచో ఈ యుపాయము చాలదు. తొలి జీఎస్ఎం ఫోనులలో సెకనున ఏబదవ వంతు కాలపు మాట 260 అంకెలగును. వానిలో ముఖ్యమైన 182 అంకెలకు రక్షణ కల్పించి, చెడినను చెవికి అంతగా తెలియని 78 అంకెలను అట్లే విడుతురు. ఇట్లు మొత్తము 456 అంకెలగును. వానిని 8 భాగములుగా చెదరగొట్టి, ముందువెనుకల మాటల భాగములతో కలిపి పంపుదురు. ఒక భాగము చెడినను నష్టము పలుచోట్ల కొద్దికొద్దిగా పడును. దానిని సరిదిద్దుట సాధ్యమగును.

విద్యార్థులారా! లెక్కచేసి మరల సరిచూచుకొనుడని ఉపాధ్యాయులు చెప్పినపుడు విసుగుకొనకుడు. ఆ శ్రమయే నేడు తీరగ్రామములకు హెచ్చరికను చెడకుండ చేర్చుచున్నది.