12.4 డిమెన్షియా సంరక్షకులకు ఆన్‌లైన్ తోడ్పాటు: అమెరికాలోని హిస్పానిక్ కుటుంబాలు

డిమెన్షియా రోగిని చూసుకునే బాధ్యత ఎక్కువగా కుటుంబం మీదే పడుతుంది. ఆ కుటుంబానికి తోడుగా ఎవరుంటారు? ఆ తోడు ఇంటర్నెట్ ద్వారా అందితే ఎంతవరకు పనికొస్తుంది? ఈ ప్రశ్నలను ఈ భాగంలో ఒక నిర్దిష్ట సమాజం ఆధారంగా పరిశీలిద్దాం.

మెక్సికో, ప్యూర్టో రికో, క్యూబా వంటి స్పానిష్ మాట్లాడే ప్రాంతాల మూలాలున్నవారిని అమెరికాలో హిస్పానిక్‌లు అంటారు. 2020 జనగణన ప్రకారం వీరు సుమారు 6.2 కోట్ల మంది. శ్వేతజాతి వృద్ధులతో పోలిస్తే హిస్పానిక్ వృద్ధులకు ఆల్జీమర్స్ వంటి డిమెన్షియాలు వచ్చే అవకాశం దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువని ఆ దేశపు ఆల్జీమర్స్ అసోసియేషన్ చెబుతోంది.

12.4.1 కూతురా, సంరక్షకురాలా?

ఒక సందర్భాన్ని ఊహించండి. టెక్సస్‌లో నలభై అయిదేళ్ల మహిళ. పగలు ఉద్యోగం, రాత్రి తల్లి సేవ. తల్లి అర్ధరాత్రి లేచి "మా ఇంటికి పోతాను" అంటూ తలుపు లాగుతుంది. ఉన్నది సొంత ఇంట్లోనే. కూతురు ఫోన్‌లో వెతుకుతుంటే 'సంరక్షకులకు శిక్షణ' అనే పేజీ కనబడుతుంది. ఆమె దాన్ని తెరవదు. తాను సంరక్షకురాలినని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆమె కూతురు, అంతే. కన్నతల్లిని చూసుకోవడానికి శిక్షణ ఏమిటి?

ఈ భావనకు స్పానిష్‌లో 'ఫమిలిస్మో' అని పేరు. వ్యక్తి కంటే కుటుంబం ముందు అన్న విలువ ఇది. వృద్ధులను ఇంట్లోనే ఉంచి చూసుకునే బలాన్ని ఇదే ఇస్తుంది. సాయం అడగడాన్ని చేతకానితనంగా అనిపించేలా చేసేదీ ఇదే. దీనికి తోడు మతిమరుపును వయసుతో వచ్చేదిగా కొట్టిపారేయడం, లేదా పిచ్చిగా భావించి బయటకు చెప్పకుండా దాచడం కనిపిస్తాయి. మన ఇళ్లలో 'చాదస్తం' అనే మాట వెనుక ఎన్ని జబ్బులు దాగుతాయో మీకు తెలియనిది కాదు. ఫలితంగా సంరక్షకుల కుంగుబాటు ఎవరికీ కనబడకుండా ముదురుతుంది.

12.4.2 అనువాదం, అనుసరణ

ఇంగ్లిష్ వెబ్‌సైట్‌ను స్పానిష్‌లోకి మారిస్తే సరిపోతుందని చాలామంది భావిస్తారు. సరిపోదు. మన 'మీరు', 'నువ్వు'లలాగే స్పానిష్‌లో 'ఉస్తెద్', 'తూ' ఉన్నాయి. ఎక్కడ ఏది వాడాలో తప్పితే చదివేవారు నొచ్చుకుంటారు. మెక్సికన్ కుటుంబాల వాడుక మాటలు క్యూబన్ కుటుంబాలకు కొత్తగా ఉండవచ్చు. అంతకంటే ముఖ్యమైనది రూపం. పాఠంలా చెబితే వినని మనిషి కథలా చెబితే వింటుంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డొలోరెస్ గలఘర్-థాంప్సన్ బృందం ఈ దారి పట్టింది. మొదట 'ఫోటోనోవెలా' తయారుచేసింది. అంటే ఫోటోలకు సంభాషణలు జోడించిన బొమ్మల కథ. మామూలు సమాచార పత్రాలు అందుకున్నవారితో పోలిస్తే ఇది చదివినవారిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా తగ్గాయని 2015లో ప్రచురించారు. తర్వాత 'మిరేలా' అనే ఇంటర్నెట్ సీరియల్ వచ్చింది. టీవీ సీరియల్ పద్ధతిలో సాగే ఈ కథలో ఒత్తిడిని ఎదుర్కొనే నేర్పులు పాత్రల ద్వారానే తెలుస్తాయి. 2018లో వెలువడిన ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. కానీ అది చిన్న ప్రాథమిక అధ్యయనం కనుక దాన్ని తుది రుజువుగా తీసుకోకండి.

ఇంతకంటే పాత ప్రయత్నం మయామీలో జరిగింది. 1990ల చివర, ఇళ్లలో ఇంటర్నెట్ ఇంకా అరుదుగా ఉన్న కాలంలో, 'రీచ్' పరిశోధనలో భాగంగా సంరక్షకుల ఇళ్లలో తెర ఉన్న ప్రత్యేక ఫోన్లు అమర్చారు. వేర్వేరు చోట్ల ఉన్న కుటుంబసభ్యులు వాటి ద్వారా ఒకేసారి మాట్లాడుకోగలిగేవారు. క్యూబన్, శ్వేతజాతి సంరక్షకులు 225 మంది ఇందులో పాల్గొన్నారు. కుటుంబ చికిత్స, ఫోన్ రెండూ కలిపి అందించిన వర్గంలో ఆరు నెలలకు కుంగుబాటు తగ్గింది. ఇక్కడ పరికరం తోడ్పడింది సమాచారం చేరవేయడంలోనే కాదు. ఒక్కరి మీదే పడిన భారం గురించి అన్నదమ్ములతో, పిల్లలతో మాట్లాడే దారి కూడా తెరిచింది.

12.4.3 ఏం నేర్పాలి?

అర్ధరాత్రి తలుపు లాగే తల్లి విషయానికి వద్దాం. "ఇదే మన ఇల్లు" అని వాదిస్తే ఆమె కలవరం పెరుగుతుంది. ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని కొన్నాళ్లు గమనించి రాసుకోవడం మంచి శిక్షణలో మొదటి మెట్టు. పగలు ఎక్కువ నిద్రపోయిందా? మూత్రానికి లేచిందా? కారణం దొరికితే మార్పు చేయవచ్చు. దొరకకపోతే "మీ ఇల్లు ఎలా ఉండేదమ్మా?" అని అడిగి మాటల్లో పెట్టడం మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన 'ఐసపోర్ట్' కార్యక్రమంలోనూ రోజువారీ సంరక్షణ, ప్రవర్తనలో మార్పులు, సంరక్షకుల సొంత ఆరోగ్యం ప్రధానాంశాలు.

పరిమితి కూడా ఉంది. ఏ యాప్ కూడా రెండు గంటలు తల్లి దగ్గర కూర్చుని కూతుర్ని నిద్రపోనివ్వదు. వలస పత్రాలు లేని కుటుంబాలు వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేయడానికే జంకవచ్చు. కంప్యూటర్ లేనివారికి మొబైల్ తెర మీద ఇమిడే చిన్న భాగాలే అందుతాయి.

అభ్యాసం: పై సందర్భంలోని కూతురికి ఫోన్‌లో పంపదగిన మొదటి సందేశాన్ని నాలుగు వాక్యాల్లో రాయండి. అందులో 'సంరక్షకురాలు', 'శిక్షణ' అనే మాటలు రాకూడదు.