కానుపుకొచ్చిన కొంగలు.. నా డ్రోన్.. ఒక అవ్వ తిట్లు!

"యెవుర్రా అది? దించురా ఆ డబ్బాని!"

ప్రొడక్షన్ సర్వర్ పడిపోయినప్పుడు కూడా నా చేతులు అంత వణకలేదు. నాలుగేళ్ల కిందట మార్చి నెల, ఆదివారం పొద్దున. నేనూ నా ఫ్రెండూ వీరాపురం చింతచెట్ల కింద నిలబడి డ్రోన్ ఎగరేస్తున్నాం. ఇన్‌స్టాలో ఒక మంచి రీల్ పెట్టాలన్నదే ప్లాను. డ్రోన్ కొమ్మల పైకి వెళ్లగానే గూళ్లలో పడుకున్న కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. స్క్రీన్ మీద ఆ సీన్ అదిరిపోయింది. 'వావ్' అనుకునే లోపే రెండు కాకులు ఖాళీ గూట్లో దిగాయి. ఒకటి నోట్లో గుడ్డుతో ఎగిరిపోయింది.

అదీ వీడియోలో పడింది. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. పోస్ట్ మాత్రం చెయ్యలేదు.

కర్ర ఊపుకుంటూ వచ్చిన అవ్వ మమ్మల్ని కొట్టలేదు గానీ, అంతకంటే గట్టిగా తగిలే మాట అంది. "కానుపుకి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ మింద రాయేస్తావేమప్పా నువ్వు? మీ ఇంట్లో ఆడోళ్లు లేరా?"

నాది హిందూపురం. ఇంజినీరింగ్ అయ్యాక అందరిలాగే బెంగళూరు పోయి ఐటీలో పడ్డాను. వీరాపురం మా ఊరి నుంచి బండి మీద గంట లోపు దారి. చిలమత్తూరు మండలంలో ఉంటుంది. ఇంత దగ్గరున్నా ఇరవై నాలుగేళ్లు వచ్చేదాకా నేనెప్పుడూ పోలేదు. లేపాక్షికి మాత్రం స్కూల్ ట్రిప్పులు, చుట్టాలొస్తే ట్రిప్పులు, లెక్కలేనన్ని సార్లు పోయాను. రెక్కలు తెగిన జటాయువు పడ్డ చోటని, రాముడు 'లే పక్షీ' అన్నాడని చెప్పుకునే ఊరు కదా అది. అక్కడ బండ మీద కట్టిన పక్షితో సెల్ఫీ దిగి వచ్చేసేవాళ్లమే తప్ప, కాస్త దూరంలో వందల కొద్దీ నిజం పక్షులు పిల్లల్ని పెంచుకుంటున్నాయని తెలీదు!

సైబీరియా కాదు బాసూ..

ముందు ఒక విషయం తేల్చేద్దాం. ఈ కొంగల గురించి ఎవర్ని అడిగినా 'సైబీరియా నుంచి వస్తాయి' అంటారు. అది తప్పు. వీటి పేరు పెయింటెడ్ స్టార్క్. పేపర్లలో ఎర్రకాళ్ల కొంగ అని కూడా రాస్తుంటారు. ఇవి అచ్చంగా మన ఉపఖండం పక్షులు. వీసా, పాస్‌పోర్టు ఏమీ అక్కర్లేదు. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి, గూడు కట్టే కాలానికి తమ చెట్ల దగ్గరికి వస్తాయి. సైబీరియా నుంచి నిజంగా వచ్చేది సైబీరియన్ క్రేన్ అనే వేరే పక్షి. అది మన దేశంలో చివరిసారి కనిపించింది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో, 2001-02 చలికాలంలో. ఆ తర్వాత రావడమే మానేసింది.

పెయింటెడ్ స్టార్క్ దాదాపు మీటరు ఎత్తు. రెక్కలు చాస్తే ఆ చివర నుంచి ఈ చివరకి మీటరున్నర పైనే. పసుపు రంగు ముక్కు, ఈకల్లేని నారింజ తల, రొమ్ము మీద నలుపు-తెలుపు పట్టీ. తోక దగ్గరికొచ్చేసరికి లేత గులాబీ ఈకలు. పెళ్లికూతురి పట్టుచీర అంచులా ఉంటాయి. ధర్మవరం పక్కనోణ్ని కదా, నాకు పోలికలన్నీ చీరల్లోంచే వస్తాయి!

ఇవి జనవరి, ఫిబ్రవరిల్లో వీరాపురం చేరతాయి. ఊరి నడుమ ఇళ్ల పక్కనే ఉన్న చింతచెట్ల మీద పుల్లలతో గూళ్లు కడతాయి. జులై, ఆగస్టుకల్లా పిల్లలతో వెళ్లిపోతాయి.

అంటే సరిగ్గా మన ఎండాకాలంలో! ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఈ కరువు సీమలో, ఏప్రిల్ ఎండలో పిల్లల్ని కనడం ఏంటి? నాకూ అదే డౌటు. తర్వాత చదివితే లాజిక్ అర్థమైంది. చెరువు నిండా నీళ్లుంటే చేపలు చెల్లాచెదురుగా ఉంటాయి. నీళ్లు ఇంకే కొద్దీ మిగిలిన మడుగుల్లో కిక్కిరిసిపోతాయి. గూట్లో పిల్లలకి ఆకలి ఎక్కువయ్యే టైముకి, తల్లిదండ్రులకి వేట సులువవుతుంది. పూర్తిగా ఎండిపోతే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. కొంచెం నీళ్లు, కొంచెం బురద.. ఆ మధ్యలో ఉన్న కొన్ని వారాల మీదే వీటి సంసారం నడుస్తుంది.

వేట పద్ధతి ఇంకా వింత. కొంగ చేపని కళ్లతో వెతకదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. అప్పుడప్పుడు కాలితో బురదని కదుపుతుంది. ముక్కుకి ఏదైనా తగిలిందా, టప్పున మూసుకుంటుంది. దీని అమెరికా కజిన్ వుడ్ స్టార్క్ మీద 1960ల్లో శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే, తగలడానికీ మూసుకోవడానికీ మధ్య పట్టింది 25 మిల్లీసెకన్లు. మా ఆఫీసులో లేటెన్సీ అంత తగ్గిస్తే పార్టీ ఇస్తారు!

మిట్టమధ్యాహ్నం డ్యూటీ

అవ్వ తిట్లు తిన్న రోజే ఫోన్, డ్రోన్ బ్యాగ్‌లో పెట్టేసి వాళ్ల అరుగు మీద కూలబడ్డాం. వెళ్లిపొమ్మంటుందేమో అనుకున్నా. మజ్జిగ ఇచ్చింది. "కూసోని సూడండి. సూసేదానికి ఎగరల్లా యేమి?" అంది.

కూర్చున్నాం. పదకొండు దాటాక ఎండ మండిపోతోంది. చెట్టు కొసన, నీడలేని గూట్లో ఒక కొంగ సూర్యుడికి వీపు పెట్టి రెండు రెక్కలూ గొడుగులా విప్పింది. దాని నీడలో తెల్లటి నూగుతో మూడు పిల్లలు. అలా ఎంతసేపు నిలబడిందంటే.. నేను మధ్యలో భోంచేసి వచ్చినా అదే పొజిషన్! మధ్యాహ్నం రెండోది వచ్చింది, డ్యూటీ మార్చుకున్నాయి. ఆడదేదో మగదేదో చూస్తే నాకు తెలీలేదు. రెండూ పొదుగుతాయి, రెండూ మేత తెస్తాయి. వచ్చిన పక్షి చేపల్ని గూట్లో కక్కితే పిల్లలు ఎగబడి తిన్నాయి. అలాగే నీళ్లు కూడా గొంతులో మోసుకొచ్చి పిల్లల మీద పోస్తాయట.

సాధారణంగా రెండు నుంచి అయిదు గుడ్లు పెడతాయి. పొదగడానికి నెల, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు నెలలు. గుడ్లన్నీ ఒకేరోజు పగలవు కాబట్టి పెద్దది పెద్దగా, చివరిది పీలగా ఉంటుంది. చేపలు బాగా దొరికిన ఏడు అన్నీ బతుకుతాయి. దొరకని ఏడు ముందు పోయేది చివరిదే. ఇది చూడ్డానికి కష్టంగానే ఉంటుంది. ఇంకో విషయం, పెద్ద కొంగలకి గొంతు దాదాపు లేదు. ముక్కులు టకటకమని కొట్టుకోవడమే వాటి మాట. చెట్టు మీద వినపడే గోలంతా పిల్లలదే.

ఆ గోలతో పాటు కంపు కూడా ఉంటుందని నిజాయితీగా చెప్పాలి. నెలల తరబడి చేపల వాసన, ఇంటి ముందు తెల్లటి రెట్ట. మనం అపార్ట్‌మెంట్ బాల్కనీలో రెండు పావురాలు వాలితే నెట్ కట్టించుకుంటాం. వీళ్లు చెట్టు కొట్టకుండా, పిల్లలు కింద పడితే ఎత్తుకుని చూసుకుంటూ తరాలుగా నెట్టుకొస్తున్నారు. కొంగలొస్తే వానలు పడతాయని, పంటలు పండుతాయని ఊరి నమ్మకం. సైన్సా అని అడిగితే, చెరువులో నీళ్లున్నప్పుడే కొంగలొస్తాయి కాబట్టి లెక్క అటూ ఇటూ అయినా మరీ తప్పు కాదేమో!

అవ్వని ఒక్కటే అడిగా. కొంగలు రాకపోతే?

"రాని ఏడు ఊరు బోసిగా ఉంటాది నాయనా. సెరువులో నీళ్లు లేకపోతే యేం తిని బతుకుతాయి, మా మొగం సూసుకోనా?"

అసలు గండం అదే. చెరువు ఎండితే కొంగలు మేతకి ఇంకా దూరం పోవాలి. ఎంత దూరమైతే గూటికి అంత తక్కువ ట్రిప్పులు. ఆకలికి పిల్లలు గూటి అంచుకొచ్చి పెనుగులాడి కింద పడతాయి. ఇంకోటి చింతచెట్లు. అవి మన తాతల కాలం నాటివి. గాలివానకి ఒకటి పడితే అందులోని గూళ్లన్నీ పోయినట్టే. ఇవాళ నాటిన మొక్క కొంగల గూళ్లు మోసేంత చెట్టు కావాలంటే ఎన్నేళ్లు కావాలో మీరే లెక్కేసుకోండి.

మగ్గం నేసే పిట్ట

వీరాపురం తర్వాత నాకు పిచ్చి పట్టింది. శని, ఆదివారాలు బెంగళూరులో మాల్స్ మానేసి ఇంటికి రావడం మొదలుపెట్టా. అమ్మకి సంతోషం, కానీ పొద్దున్నే అయిదింటికి బండి తీసి వెళ్లిపోతుంటే "పక్షుల కోసమా, ఏదైనా అమ్మాయి కోసమా?" అని అనుమానం!

పెనుకొండ కొండెక్కితే కోట గోడల మీద, బండల చీలికల్లో చిన్న చిన్న పక్షులు బాణాల్లా దూసుకుపోతుంటాయి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. రాజులు పోయారు, కోటలో ఇప్పుడు కాపురం వీటిదే. దిగువన గొల్లపల్లి రిజర్వాయరు ఉంది. హంద్రీ-నీవా నీళ్లు చేరినప్పుడు అక్కడ ఎన్ని నీటిపక్షులో! పక్కనే 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కార్లు మోసే లారీల హారన్ల మధ్య ఒక కొంగ తాపీగా బురద కెలుకుతుంటే చూస్తూ గంట గడిపేశా.

అయితే నాకు బాగా నచ్చింది ధర్మవరం దగ్గర చూసిన గిజిగాళ్లు. వానలు మొదలవగానే బావి మీదకి వంగిన కొమ్మలకి గూళ్లు వేలాడతాయి. నేత అంతా మగదే. గడ్డి ఆకుల్ని పోచలుగా చీల్చి తెస్తుంది. ఒక గూటికి దాదాపు అయిదొందల ట్రిప్పులు, రెండున్నర వారాల పని. సగం అల్లాక ఆగి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. అవి వచ్చి లోపల దూరి చూస్తాయి. నచ్చితేనే మిగతా సగం పూర్తి. నచ్చకపోతే అంతే సంగతులు! పరిశోధనల్లో తేలింది ఏంటంటే, నేత నాణ్యత కంటే గూడు ఎక్కడుందనేదే ఆడపిట్ట ముఖ్యంగా చూస్తుందట. అంటే ఇల్లు కాదు, సైటు! ఈ మాట అక్కడి నేత కార్మికుడొకాయనకి చెబితే మగ్గం ఆపి నవ్వాడు. "మాదీ అంతేనన్నా. సీర నేసి పెట్టుకోని బేరం కోసం ఎదురుచూసేదే."

మీరూ మొదలెట్టొచ్చు

ఖర్చు పెద్దగా లేదు. ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకోండి, పక్షి కూత వినిపిస్తే పేరు చెబుతుంది. ఒక్కోసారి తప్పు చెబుతుంది, గుడ్డిగా నమ్మొద్దు. చూసినవి ఈబర్డ్‌లో ఎక్కించండి. అమెరికాలోని కార్నెల్ వాళ్లు 2002లో మొదలుపెట్టారు. మన లిస్టులు పరిశోధకులకి పనికొస్తాయి. ఏటా ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, పదిహేను నిమిషాలు మేడ మీద నిలబడి లెక్కపెట్టినా చాలు. సరదా ముదిరితే 8x42 బైనాక్యులర్ కొనుక్కోండి. దాంతో మొదటిసారి కొంగ కంటి రెప్ప చూశాక రీల్స్ బోర్ కొట్టకపోతే నన్నడగండి.

గూళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. పక్షి మెడ ఎత్తి మీ వైపే చూస్తోందంటే మీరు మరీ దగ్గరికి వచ్చేసినట్టే, వెనక్కి తగ్గండి. పాట ప్లే చేసి పిలవొద్దు. గుబురుల్లో ఉండే గూళ్ల లొకేషన్ షేర్ చెయ్యొద్దు. ఇక డ్రోన్ సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే పక్షుల గుడ్లు పాడుచెయ్యడం, గూళ్లని కదిలించడం కూడా ఉన్నాయి. ఆ లెక్కన ఆ ఆదివారం నేను చేసింది వేటే. ఇది నాకు తర్వాత ఏడాదికి గానీ తెలీలేదు.

అప్పట్నుంచి ఏటా రెండు మూడుసార్లు వీరాపురం పోతున్నా. పోయినసారి ఒక చెట్టు కింద నిలబడి గూళ్లు లెక్కపెడుతుంటే అవ్వ మనవడు వచ్చి నాతో పోటీ పడ్డాడు. నాకు పంతొమ్మిది వచ్చాయి. వాడికి ఇరవై రెండు. మళ్లీ చూస్తే వాడిదే కరెక్టు.

ఈ జనవరిలో ఆఫీసులో రిలీజ్ పనిలో తలమునకలై ఉండగా వాడి నుంచి వాట్సాప్ వచ్చింది. చింతకొమ్మ మీద ఒకే ఒక కొంగ, ముక్కులో పుల్ల. కింద మెసేజ్: "అన్నా, వచ్చినాయి. నీకు చెప్పమనింది అవ్వ. ఆ ఎగిరే డబ్బా తేవద్దంట."