జాడీలకొక చెక్క అర

పాత మట్టియిండ్ల గోడలలో గూళ్లుండెడివి. పైన అటక యుండెడిది. ఆవకాయ జాడీకి చోటు వెదకవలసిన పని లేకుండెను. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెరచిన పిమ్మట ఆ పరిసరములలో లేచిన మేడల సన్నని గోడలలో గూటికి తావు లేదు. కావున ఇంటనే ఒక చెక్క అర చేసికొనుట మేలు. పాశ్చాత్యులు బిరడా ఎండిపోకుండుటకై ద్రాక్షసారాయి సీసాలను అరలలో పరుండబెట్టుదురు. మన జాడీ నిలిచియే యుండవలెను.

ఇందుకు కొత్త కలప అక్కరలేదు. విదేశములనుండి సరకు వచ్చిన పెట్టెల చెక్క చాలును. అయితే రంపము పట్టుటకు ముందు దానిని చదువవలెను. అంతర్జాతీయ నియమము ననుసరించి అట్టి చెక్కపై గోధుమకంకి ముద్రయు, దేశపు గుర్తును, మరి రెండక్షరములును ఉండును. 'హెచ్.టి.' యన్నచో చెక్క నడిమివరకు 56 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని 30 నిమిషములు నిలిపి పురుగును చంపిరని యర్థము. 'ఎం.బి.' యన్నచో మిథైల్ బ్రోమైడను విషవాయువుతో చంపిరని. మొదటిదే వంటయింటికి తగును. ముద్ర లేనిదానిని, మరకలు పడినదానిని విడిచిపెట్టుడు.

రెండు నిలువు పలకలకు ఉలితో అడ్డగాడులు తీసి, అర పలకలను వానిలో బిగింపవలెను. అప్పుడు బరువు మేకులమీద గాక చెక్కమీద పడును. ఊరగాయ ఉప్పుచెమ్మకు మేకు త్రుప్పుపట్టినను అర కూలదు. వెనుక ఐమూలగా ఒక పట్టీ కొట్టినచో ఊగులాడదు. ముందు వేలెడెత్తు పట్టీ యున్నచో జాడీ జారదు. పెద్ద జాడీలు క్రింద, చిన్నవి పైన నుంచవలెను.

ఉపాధ్యాయులు దీనిని బడిలో చేయించినచో బరువును, త్రుప్పును, భూగోళమును ఒక్క పలకమీద బోధింపవచ్చును. ఆ రెండక్షరములు చదువనేర్చిన బాలుడు విషపు చెక్కను ఇంటికి తేడు.