పూర్వపక్షాన్ని పదిలపరచిన పండితుడు

శాస్త్రచర్చలో పూర్వపక్షానికి గల గౌరవం విజ్ఞులైన పాఠకులకు విదితమే. ఖండింపదలచిన వాదాన్ని దాని బలం తగ్గకుండా ముందు వినిపించి, ఆ పిమ్మటే సిద్ధాంతాన్ని స్థాపించాలి. ఈ మర్యాదను పదవ శతాబ్దపు బాగ్దాదు నగరంలో, అరబ్బీ భాషలో, ఒక క్రైస్తవ తార్కికుడు పాటించిన తీరు తెలుసుకోదగినది.

ఆయన యహ్యా ఇబ్న్ అదీ (893–974). జన్మస్థలం తిక్రీత్. ముస్లిం దార్శనికుడైన అల్ ఫారాబీ వద్ద తర్కం అభ్యసించాడు. జీవనోపాధి గ్రంథాలకు ప్రతులు వ్రాయడం. ఖురానుపై తబరీ రచించిన బృహద్వ్యాఖ్యను సైతం రెండు మార్లు స్వహస్తంతో వ్రాశాడని సమకాలికుడైన ఇబ్న్ అన్నదీమ్ పేర్కొన్నాడు.

క్రైస్తవ మతానికి మూలస్తంభం త్రిత్వం: తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ మువ్వురూ ఒకే దేవుడనే విశ్వాసం. తొమ్మిదవ శతాబ్దంలో అల్ కిందీ అనే ముస్లిం దార్శనికుడు దీనిని ఇలా ఆక్షేపించాడు: మువ్వురికీ ద్రవ్యం ఒకటే, విశేషధర్మాలు వేరంటే, ప్రతి ఒక్కరూ ద్రవ్యధర్మాల కలయికే అవుతారు. కలయికకు కారణం ఉండి తీరాలి. కారణం కలది అనాది కాజాలదు.

961లో యహ్యా దీనికి ప్రత్యుత్తరం వ్రాశాడు. ఒకే వస్తువు ఒక దృష్టితో ఏకమై, మరొక దృష్టితో అనేకం కావచ్చునన్నది ఆయన సమాధానసారం. బుద్ధి, తెలుసుకొనేది, తెలియబడేది అనే మూడింటితో త్రిత్వాన్ని ఇతర రచనల్లో వివరించాడు. మనకు జ్ఞాతృ జ్ఞాన జ్ఞేయాలనే త్రిపుటి స్ఫురించడం సహజమే. అయితే పోలిక కనిపించినంత మాత్రాన రెండూ ఒకటే అనుకోరాదు. వేదాంతికి త్రిపుటి దాటవలసినది, యహ్యాకు అది దైవస్వరూపాన్ని తెలిపే ఉపమానం.

విశేషమేమంటే, అల్ కిందీ వాక్యాలను ఆయన ఖండఖండాలుగా ఉదాహరించి, ఒక్కొక్క దానికీ బదులిచ్చాడు. కిందీ మూలగ్రంథం నేడు విడిగా లభ్యం కాదు, ప్రతివాది పుటల్లోనే నిలిచింది. త్రిత్వాన్ని ఖండించిన అబూ ఈసా అల్ వర్రాక్ గ్రంథానికీ ఇదే గతి, ఇదే భాగ్యం. మన చార్వాకుల వాదం సైతం మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహం వంటి ప్రతిపక్షుల గ్రంథాల ద్వారానే కదా ప్రధానంగా మనకు దక్కింది!

పాఠక మహాశయులారా! పరమతాన్ని గురించి పలుకబోయే ముందు, ఆ మతస్థుడు విని “అవును, మా మాట ఇదే” అనేటట్లు చెప్పగలమా అని ప్రశ్నించుకుందాం. అంతవరకు చదవడమే మన కర్తవ్యం.